హౌస్ వైఫ్ కథ

లేడీ అంటే మొదట్లో రొట్టెల పిండి పిసికే ఆవిడ అని అర్థం! పాత ఇంగ్లీషులో 'హ్లాఫ్' అంటే రొట్టె. ఇప్పటి 'లోఫ్' అదే. రొట్టెను కాపాడేవాడు లార్డ్, పిండి పిసికేది లేడీ. చపాతీ పిండి కలుపుతుంటే ఇది గుర్తొచ్చి నవ్వొస్తుంది నాకు.

నూలు వడికే మనిషి స్పిన్‌స్టర్. పెళ్ళికాని ఆడవాళ్ళు ఎక్కువగా ఆ పని మీదే బతికేవారు. 17వ శతాబ్దానికల్లా దస్తావేజుల్లో ఆ మాటకి పెళ్ళికానిది అనే అర్థం స్థిరపడింది. తర్వాత అదే వెక్కిరింపైంది.

నా మనసు చివుక్కుమన్నది మాత్రం హౌస్ వైఫ్ దగ్గర. పాత ఇంగ్లీషులో వైఫ్ అంటే భార్య అనే కాదు, ఏ ఆడమనిషైనా వైఫే. మంత్రసానిని మిడ్‌వైఫ్ అంటారు చూడండి, అంటే స్త్రీకి తోడుగా ఉండేది అని. ఆ లెక్కన హౌస్ వైఫ్ అంటే ఇల్లు నడిపే స్త్రీ. ఆ మాట జనం నోళ్ళలో నలిగి 'హజిఫ్' అయింది, ఇంకా నలిగి 'హస్సీ' అయింది. హస్సీకి మొదట ఇల్లాలనే అర్థం. పోనుపోను మొరటు మనిషి అనీ, చివరికి సిగ్గులేని ఆడది అనీ తిట్టుగా మారింది. ఇంకోపక్క సైనికులు సూదీ దారం దాచుకునే చిన్న సంచికీ హౌస్ వైఫ్ అనే పేరు పెట్టారు.

హస్బెండ్‌లోనూ ఇల్లుంది. పాత నార్స్ భాషలో 'హూస్' ఇల్లు, 'బోండి' అంటే సొంత ఇల్లూ పొలమూ ఉన్న ఆసామి. వ్యవసాయాన్ని హస్బెండరీ అన్నది అందుకే. పశువుల ఆసుపత్రి బోర్డు మీద యానిమల్ హస్బెండరీ అని చదివి చిన్నప్పుడు తెగ నవ్వుకునేవాళ్ళం. ఆడవాళ్ళ మాట తిట్టయితే, మగవాళ్ళది ప్రభుత్వ శాఖ అయింది!

మనమూ తక్కువ తినలేదు లెండి. భర్త పోయినావిడ విధవ. ఆ మాటే వెధవ అయి, అల్లరి చేసే మగపిల్లల్ని తిట్టడానికి పనికొచ్చింది. పాపం, ఆవిడ చేసిన తప్పేమిటో!

మొన్న మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్ నింపుతూ తల్లి వృత్తి దగ్గర ఆగి, "హౌస్ వైఫ్ బాగోదమ్మా, హోమ్ మేకర్ అని రాస్తా" అంది. సరే రాయమన్నాను. నాకైతే ఇల్లాలు ఇష్టం. ఇల్లు, ఆలు కలిసిన మాట. ఇప్పటిదాకా దాన్ని తిట్టుగా ఎవరూ వాడగా వినలేదు. కానీ ఆ గడి ఇంగ్లీషులోనే నింపాలట.