ఒకే ఫైలు, మూడు ఇళ్ళు

ఆఫీసులో నాది మాక్, ఇంట్లో లినక్స్. సమీక్ష కోసం రాతప్రతులు పంపే మిత్రులేమో దాదాపు అందరూ విండోస్ మనుషులు. మూడు చోట్లా నడుస్తుంది కనక మా మధ్య ఉమ్మడి వేదిక లిబ్రెఆఫీస్ అయింది. ఏళ్ళ తరబడి వాడుతూ, వృత్తిరీత్యా దాని లోపలికీ తొంగిచూస్తూ వచ్చాక నాకో అభిప్రాయం ఏర్పడింది.

డెస్క్‌టాప్ అప్లికేషన్ మూడు సిస్టమ్‌ల మీదా నడవడం ఒక ఎత్తు, ఆ ఇంటి మనిషిలా మసలడం ఇంకో ఎత్తు. మాక్‌లో మెనూ తెర పైఅంచున ఉండాలి, కంట్రోల్ బదులు కమాండ్ మీట పలకాలి. విండోస్‌లో ముందు ఓకే, తర్వాత క్యాన్సిల్. మాక్‌లోనూ గ్నోమ్‌లోనూ ఈ వరస తిరగబడుతుంది. కన్ను చదివేలోపే వేలు అలవాటుగా నొక్కేస్తుంది కాబట్టి ఇవి తీసిపారేసే విషయాలు కావు. లిబ్రెఆఫీస్‌లో ఈ మర్యాదలన్నీ వీసీఎల్ అనే పొర చూసుకుంటుంది. ప్రోగ్రాము "ఓ బటన్ కావాలి" అంటే, ఏ సిస్టమ్‌లో ఉంటే ఆ సిస్టమ్ తరహా బటన్ తెచ్చిపెడుతుంది. 

ఇదే సూత్రాన్ని అక్షరాల దాకా లాగితేనే చిక్కు. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. ఫైల్లో మాత్రం ఆరు యూనికోడ్ సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి, ఏ ఒత్తు ఎక్కడో తేల్చి, ఫాంటులోంచి తగిన ఆకారాలు ఎంచే పనిని షేపింగ్ అంటారు. ఒకప్పుడు లిబ్రెఆఫీస్ ఇందుకు విండోస్‌లో యూనిస్క్రైబ్‌నీ, మాక్‌లో కోర్ టెక్స్ట్‌నీ, లినక్స్‌లో హార్ఫ్‌బజ్‌నీ వాడేది. ముగ్గురు లేఖకులన్నమాట! ఒత్తు కాస్త జరిగితే పదం వెడల్పు మారుతుంది, దాంతో లైను, లైనుతో పేజీ.

2017లో వచ్చిన 5.3 వెర్షన్‌తో మూడు చోట్లా హార్ఫ్‌బజ్‌కే ఆ పని అప్పగించారు. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో తెలుగును కూర్చేదీ ఇదే. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానీ మూలాలున్న ఇంజనీరు దీని ప్రధాన రచయిత. పేరు కూడా పర్షియన్ మాటల్లోంచి వచ్చిందే.

అయినా ఫాంటు సమస్య మిగిలింది. ఆమధ్య ఓ కథల సంపుటి గురించి మాట్లాడుతూ, 112వ పేజీలో సంభాషణ బాగుందన్నాను. "ఆ పేజీలో సంభాషణే లేదండీ" అన్నారు రచయిత ఫోన్లో. ఆయన వాడిన ఫాంటు నా లినక్స్‌లో లేదు. లిబ్రెఆఫీస్ వేరేదాన్ని సర్దింది. పుస్తకమంతా మూడు పేజీలు జరిగింది. ఆయన పద్యపాదాలు విరిచిన చోట్లు కూడా చెదిరిపోయాయి. అవి సమీక్షలో చేరి ఉంటే లోపం ఆయనదనే అనుకునేవారు.

బటన్లు ఏ ఊళ్ళో ఆ ఊరి తీరున ఉండాలి. పాదం విరుపు మాత్రం రచయిత సొత్తు, దాన్ని మార్చే హక్కు కంప్యూటర్‌కి లేదు. అందుకే రాతప్రతి పంపే మిత్రులకు నా విన్నపం: మండలి లాంటి స్వేచ్ఛా లైసెన్సున్న ఫాంటు వాడండి, ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి దాన్ని ఫైల్లోనే పొదిగి పంపండి. రెండు నిమిషాల పని.