పాండీలో ఈసారి ఒక్కదాన్నే

అమ్మాయి ఒక్కతే బ్యాగు సర్దుకుని బయల్దేరితే దారి పొడుగునా ఒకటే ప్రశ్న: ‘ఒక్కదానివేనా?’ టికెట్ బుక్ చేస్తుంటే అమ్మ అడుగుతుంది. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. లాడ్జి కౌంటర్లో మనిషైతే అడగడు కూడా, మన వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూస్తాడు. పాండిచ్చేరిలో ఉన్న మూడు రోజుల్లో ఈ ప్రశ్న తెలుగులో, తమిళంలో, ఇంగ్లిషులో విన్నా. ఒక్కొక్కరు అడిగినప్పుడు దానికి ఒక్కో అర్థం ఉంటుందని కూడా అక్కడే తెలిసింది.

పేరు 2006లోనే పుదుచ్చేరిగా మారింది కానీ, మాకు అది ఎప్పుడూ పాండీనే. మొదటిసారి 2017 జనవరిలో వెళ్లాం. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. నలుగురం అమ్మాయిలం, ఒకటే గది, అద్దెకి రెండు స్కూటీలు. పసుపు గోడ కనిపిస్తే చాలు, ఆగి ఫొటో. తిరిగొచ్చాక వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం, మళ్లీ ప్రతి ఏడాదీ వెళ్లాలని. ఆ గ్రూపు ఇప్పటికీ ఉంది. అందులో బర్త్‌డే విషెస్ ఉంటాయి, మీమ్స్ ఉంటాయి, ప్లాన్ మాత్రం ఉండదు. ఒకామె డాలస్‌లో ఉంది. ఒకామెకి ఏడాది బాబు. ఇంకొకామెకి వైజాగ్‌లో నైట్ షిఫ్టులు. ఎవర్నీ ఏమీ అనడానికి లేదు. కానీ నలుగురికీ ఒకేసారి లీవు దొరికే రోజు కోసం చూస్తూ కూర్చుంటే పాండీ నా ఫోన్ గ్యాలరీలోనే మిగిలిపోయేలా ఉంది. ఫిబ్రవరిలో మిగిలిన లీవులు తీసి బస్సెక్కేశా.

చెన్నై నుంచి ఈసీఆర్ మీద దాదాపు 150 కిలోమీటర్లు. ఎడమ వైపు సీటు దొరికితే అదృష్టం. సముద్రం కాసేపు కనిపిస్తుంది, కాసేపు సరుగుడు తోటల వెనక్కి వెళ్లిపోతుంది. మరక్కాణం దగ్గర తెల్లటి ఉప్పు మడులు. అప్పట్లో ఈ దారంతా అంత్యాక్షరి ఆడాం కాబట్టి ఉప్పు మడులు ఉన్నాయనే సంగతే నాకు తెలీదు.

దిగగానే మొదటి దెబ్బ. యాప్‌లో బుక్ చేసిన లాడ్జిలో ఆధార్ కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ‘సింగిల్ లేడీస్‌కి ఇవ్వం మేడమ్, ఓన్లీ ఫ్యామిలీ’ అన్నారు. ఒంటరి ఆడవాళ్లకి గది ఇవ్వకూడదనే చట్టమేదీ లేదని చెప్పా. ‘మేనేజర్ ఆర్డర్’ అన్నారు. డబ్బులు వెనక్కొస్తాయి, మధ్యాహ్నం రెండింటికి ఎండలో సూట్‌కేస్‌తో నిలబడ్డ ఆ అరగంట మాత్రం రాదు. అసలు వాళ్ల భయం ఏంటో తర్వాత ఆటో అన్న చెప్పాడు. ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏమైనా చేసుకుంటారేమోనని, పోలీసులు వస్తారని. నేను లీవు పెట్టి సముద్రం చూడ్డానికి వచ్చా. కౌంటర్ అవతల కూర్చున్నాయనకి నాలో కనిపించింది ఒక పోలీస్ కేసు! కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం ఏడుపు కూడా వచ్చింది. తిరిగి బస్టాండుకి వెళ్లిపోదామా అని ఒక్క నిమిషం అనిపించింది కూడా.

చివరికి ఆ ఆటో అన్నే ఆశ్రమం వాళ్ల గెస్ట్‌హౌస్ దగ్గర దింపాడు. గది ఉంది. రాత్రి గేటు మూసే టైముంది, మందూ సిగరెట్టూ కుదరవు, అంతే. ఒక్కదానివేనా అని అక్కడా అడిగారు, రిజిస్టర్‌లో ‘1’ అని రాసుకోవడానికి. అంతకుమించి ఆ ప్రశ్నలో ఏమీ లేదు. ప్రాణం లేచొచ్చింది.

ఒక్కరమే తిరిగితే ఒక లాభం ఉంది. బోర్డులు చదువుతాం. ఊరి మధ్యలో ఒక కాలువ ఉంటుంది. దానికి సముద్రం వైపున్నది ఫ్రెంచివాళ్ల భాగం, ఇటువైపుది తమిళుల భాగం. పోయినసారి ఆ కాలువని ఎన్నిసార్లు దాటామో, అదేంటని ఒక్కరమూ అనుకోలేదు. ఫ్రెంచివాళ్లు ఊరు అప్పగించి వెళ్లింది 1954 నవంబర్ 1న. చట్టప్రకారం కాయితాలన్నీ పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 అయింది. బ్రిటిష్ పోలీసుల చేయి ఫ్రెంచి గడ్డ మీదకి చాచడం కష్టం కాబట్టే, సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి పదేళ్లు ఇక్కడే ఉన్నారు. అరవిందులు 1910లో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంతకీ ఈ ఊరు ఒకప్పుడు తలదాచుకోవడానికి వచ్చినవాళ్లని అడ్డుకోని ఊరు. లాడ్జి ఆయనకి ఇది చెప్పాల్సింది అనుకున్నా!

మెస్‌లో భోజనానికి వెళ్తే సర్వర్ ‘ఒరు ఆళా?’ అన్నాడు, ఒక్కరేనా అని. అవునంటే ముగ్గురు కూర్చున్న టేబుల్ దగ్గర నాలుగో కుర్చీ లాగాడు. ఎవరూ నన్ను చూడలేదు. అందరూ సాంబారు వైపే చూస్తున్నారు.

సాయంత్రం బీచ్ రోడ్‌కి వెళ్లా. ఆరింటి నుంచి ఆ రోడ్డు మీదకి బండ్లు రానివ్వరు. అక్కడే ఆశ్చర్యపోయా. ఇసుక! 2017లో మేం చూసినప్పుడు గట్టు కింద అన్నీ నల్లటి బండరాళ్లే. ‘బీచ్ లేని బీచ్ రోడ్’ అని మేమే జోకులేసుకున్నాం. ఇప్పుడు గాంధీ విగ్రహం నుంచి సెక్రటేరియట్ వైపు నడుస్తుంటే పిల్లలు ఇసుకలో గుంతలు తవ్వుతున్నారు.

రాత్రి గదికొచ్చి చదివితే కథ తెలిసింది. తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. 1989లో ఊరికి దక్షిణంగా హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఇసుక అక్కడే ఆగిపోయింది, ఊరి ముందున్నది కొట్టుకుపోయింది. మిగిలిన తీరాన్ని కాపాడ్డానికి బండరాళ్లు పోశారు. 2018 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ల అడుగున త్రికోణాకారంలో స్టీలు కట్ట ఒకటి దించారు. అల దాని మీదుగా వచ్చేసరికి జోరు తగ్గుతుంది, మోసుకొస్తున్న ఇసుకని అక్కడ వదిలేస్తుంది. అయితే ఇంకా ఉత్తరాన ఉన్న జాలరి పల్లెల్లో కోత బాధ ఉంది. ఒకచోట ఆపింది ఇంకోచోట లోటుగా తేలుతుంది. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

రెండో రోజు సాయంత్రం గట్టు మీద కూర్చుని శనగలు తింటుంటే పక్కనున్న పెద్దావిడ తెలుగులో అడిగింది, ‘ఒక్కదానివే వచ్చావామ్మా?’ అని. ఫోన్‌లో అమ్మతో నేను మాట్లాడడం విన్నట్టుంది. వాళ్లది యానాం. మాది కాకినాడ. యానాం అంటే మా వైపు మగాళ్లకి గుర్తొచ్చేది వేరే అనుకోండి! గోదావరి పక్కనున్నా ఆ ఊరు పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉంటుంది. ఆవిడ భర్తకి ఇక్కడి జిప్మర్ ఆసుపత్రిలో వైద్యం. కొడుకు డ్యూటీకి వచ్చాక ఓ గంట గాలి పీల్చుకుందామని బస్సెక్కి వచ్చిందట. 800 కిలోమీటర్ల దూరం, తమిళం రాదు, పది రోజులైంది.

‘మీరు ఒక్కరే వచ్చారా ఆంటీ?’ అన్నా నేను.

‘ఆయ్. ఒక్కదాన్నే. ఇక్కడికొచ్చి కూర్చుంటే మా ఉప్పాడ తీరంలా ఉంటదమ్మా. అక్కడ ఇళ్లు లాగేస్తంది, ఇక్కడ చూడు, ఇసక తెచ్చి పెడతంది.’

స్టీలు కట్ట సంగతి చెప్పా. శ్రద్ధగా విని, ‘అయితే మన ఉప్పాడకీ ఒకటి ఎయ్యకూడదా?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. శనగల పొట్లం ఇద్దరి మధ్యా పెట్టా. భర్త గురించి ఆవిడ చెప్పలేదు, లాడ్జి గురించి నేను చెప్పలేదు. ఏడున్నరకి లేచి, ‘జాగ్రత్తమ్మా, మీ అమ్మకి ఇంకోసారి ఫోన్ చెయ్యి’ అని బస్టాపు వైపు వెళ్లింది.

పాండీ ఒక్కళ్లే వెళ్లాలనుకునే అమ్మాయిలకి నేను చెప్పేది రెండే. గది బుక్ చేశాక నేరుగా ఫోన్ చేసి ‘ఒక్కదాన్నే వస్తున్నా, ఇస్తారా’ అని అడిగేయండి, జవాబు మెసేజ్‌లో పెట్టించుకోండి. ఇసుక ఉంది కదా అని అలల్లోకి దిగకండి, అక్కడ లోపలికి లాగేస్తుంది.

గ్రూపులో ఇసుక ఫొటో పెట్టా. కాసేపటికి డాలస్ నుంచి మెసేజ్: ‘ఒసేయ్, ఇదెక్కడ్నుంచి వచ్చిందే?’ టైప్ చేస్తుంటే పొడుగైపోతోందని వాయిస్ నోట్ పెట్టా. నాలుగు నిమిషాలొచ్చింది.