ముప్పై ముప్పైగా ఇమ్తెహాన్

ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు అలీఫ్, బే నేర్పిన ఉస్తానీకి ఇప్పుడు ఇమ్తెహాన్ వచ్చిపడింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన ఫైసలా అది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేదంటే నౌకరీ వదులుకోవాలి. మైనారిటీ విద్యాసంస్థల మసలాను పెద్ద బెంచికి పంపారు. గొల్లపల్లిలో ఉండే మా ఆపా పనిచేసేది సర్కారు ఉర్దూ మీడియం బడిలో. ఆమెకు ఆ ఆశ కూడా లేదు. టెట్ 2010 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌తో వచ్చింది. ఆపా నౌకరీ అంతకంటే పాతది.

"ఏక్ ఏక్ హిస్సా అలగ్ లిఖ్‌నే దియే తో క్యా జాతా రే?" అంటుంది. ఒక్కో భాగం విడిగా రాయనిస్తే పోయేదేముందని. బడి, వంట, అత్తగారి మందుల మధ్య ఐదు సబ్జెక్టులు ఒకేరోజుకు సిద్ధం చేసుకోవడం యాభై దాటాక ఆసాన్ కాదు.

అమెరికాలో ప్రాక్సిస్ ఎలిమెంటరీ పరీక్షకు అలాంటి వీలుంది. నాలుగు సబ్జెక్టులు విడివిడిగా రాయొచ్చు, పోయినదాన్నే మళ్లీ రాయొచ్చు. ఆ మాట చెప్పగానే ఆపా మొహం వెలిగింది. ఇద్దరం కూర్చుని హిసాబ్ వేశాం. అక్కడ ప్రతి భాగంలోనూ పాసవ్వాలి. మన పేపర్-1లో శిశువికాసం, మొదటి భాష, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం తలా 30 మార్కులు. భాగానికి పాస్ మార్కు లేదు, మొత్తమే లెక్క. బీసీ-ఇ వాళ్లకు 75 చాలు. ఆ జాబితాలో లేని సయ్యద్, పఠాన్ ఇళ్లవాళ్లకు 90 రావాలి.

ఆపాకు ఇంగ్లిష్‌లో పది వస్తే ఎక్కువ. విడివిడిగా పెడితే ఆ ఒక్క ఇంగ్లిషే దర్వాజా మూసేస్తుంది. కలిపి లెక్కేస్తే ఉర్దూలో వచ్చే పాతిక ఆమెను దాటిస్తుంది. మాదరీ జుబాన్ పరీక్షలో ఇంత పనికొచ్చే సందర్భాలు మనకు ఎన్నని?

కాబట్టి ఇమ్తెహాన్‌ను కాదు, తయారీనే ముక్కలు చేసుకున్నాం. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే భాగానికి అరగంట. ఫజర్ తర్వాత ఒకటి, ఇషా తర్వాత ఒకటి, ఇత్వారం మొత్తం పేపర్.

"ఫేలైతే బచ్చోంకు ఏ మొహం చూపించాలి?" అన్నదే ఆమె ఫికర్. జీతం మాట తర్వాతే వస్తుంది.

మన ఇళ్లలో ఇలాంటి ఆపాలు, ఖాలాలు ఉన్నారు. దువా ఎలాగూ చేస్తాం. ముందు ఆ పొద్దుటి అరగంట చాయ్ మనం పెడదాం.