నువ్వుండే ఊళ్లోనే

కూనూరు,
నవంబరు 19

ప్రియ నేస్తం,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. అమెరికాలోని ఆ కొలంబియా ఊళ్లో చూడటానికి ఏమీ లేదనీ, మనవణ్ణి బడికి పంపాక మళ్లీ వాడు వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవటమే పని అనీ రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నించి నీతో పోట్లాడాలనే ఉంది. అది ఏ ఊరనుకున్నావే? బాపట్ల హాస్టల్లో పరీక్ష ముందురోజు రాత్రి కరెంటు పోతే, కొవ్వొత్తి వెలిగించుకుని నువ్వు నాకు సియర్స్ పాఠం చెప్పావు, గుర్తుందా? ఆ ఎర్నెస్ట్ సియర్స్ ఊరు అది. 1936లో అక్కడి యూనివర్సిటీకి ఉద్యోగానికి వచ్చి, ఇక ఆ ఊరు వదలకుండా గోధుమ క్రోమోజోముల మీదే బతుకంతా ధారపోశాడు.

ఆ తర్వాత నువ్వు బ్యాంకులో చేరి పంట రుణాలు చూసుకున్నావు. నేను గోధుమ తుప్పు వెంటపడి ఈ కొండెక్కాను. కాబట్టి ఈసారి పాఠం చెప్పే వంతు నాది.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు. బంగాళాఖాతంలో వాయుగుండం. ఆ మాట వింటే మనవైపు వాళ్లకి కోసి పనల మీదున్న వరి కళ్లముందు మెదులుతుంది. నాకు దానికి తోడు ఇంకో భయం. గోధుమకి పట్టే తెగుళ్లలో నల్ల తుప్పు, ఆకు తుప్పు మైదానాల్లో ఎండాకాలం దాటలేవు. మే నెల ఎండకి వాటి బీజాలు మాడిపోతాయి. మరి ఏటేటా ఎక్కణ్ణించి వస్తున్నాయి? ఆగ్రా కాలేజీలో పనిచేసిన కె.సి. మెహతా ఏళ్ల తరబడి ఈ ప్రశ్న పట్టుకుని తిరిగి, దక్షిణాన ఈ నీలగిరి, పళని కొండల చల్లదనంలో అవి ఏడాది పొడుగునా బతికే ఉంటాయని తేల్చాడు. 1970లలో మన శాస్త్రవేత్తలే మరో సంగతి కనిపెట్టారు. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి గాలులు ఒక తీరుగా తిరిగితే, ఈ కొండల మీది నల్ల తుప్పు బీజాలు పైకి లేచి, వందల కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, అక్కడ వానతో పాటు లేత గోధుమ మీద దిగుతాయి. మన వడ్లను తడిపే ముసురే మధ్యప్రదేశ్ రైతు పొలానికి తెగులు మోసుకుపోతుంది. 1946-47లో మధ్య భారతంలో గోధుమ తుప్పుకి ఎలా పోయిందో మా రంగంలో ఈనాటికీ తలుచుకుంటాం.

గోధుమకి దీన్ని తట్టుకునే గుణం ఎక్కడ దొరుకుతుంది? దాని పుట్టింట్లోనే వెతకాలి. సుమారు పది వేల ఏళ్ల కిందట ఎమ్మర్ అనే పాత గోధుమకీ, చేలో కలుపులా మొలిచిన ఎజిలాప్స్ జాతి గడ్డికీ జత కుదిరి మనం తినే గోధుమ పుట్టింది. మూడు గడ్డిజాతుల నుంచి ఏడేసి జతలు చేరి, మొత్తం 42 క్రోమోజోములు. ఆ కలయిక ఏ కొద్ది మొక్కల మధ్యనో జరిగింది. అందుకే పుట్టింటి ఆస్తిలో చాలా భాగం గోధుమకి రాలేదు, ఆ గడ్డి దగ్గరే ఉండిపోయింది. తుప్పుతో లక్షల ఏళ్లు కలిసి బతికిన గడ్డి అది. దాని వంశంలో ఒక్కో మొక్క ఒక్కో రకంగా దాన్ని ఎదుర్కోవటం నేర్చుకుంది.

సియర్స్ చూపు పడింది ఆ వంశంలోనే ఇంకో గడ్డి మీద, దాని పేరు ఎజిలాప్స్ అంబెల్యులేటా. టర్కీ వైపు కొండవాలుల్లో పెరిగే చిన్న మొక్క, మీసాలు విప్పారిన పొట్టి కంకి. ఆకు తుప్పు దాన్ని ఏమీ చేయలేదు. నేరుగా గోధుమతో కలపబోతే కుదరలేదు. సంబంధం కుదర్చటానికి రెండువైపులా తెలిసినవాళ్లను పంపినట్టు, మధ్యలోకి అడవి ఎమ్మర్‌ని తెచ్చాడు. గడ్డినీ ఎమ్మర్‌నీ కలిపి, ఆ సంకరం క్రోమోజోములు రెట్టింపు చేసి, దాన్ని గోధుమతో కలిపి, మళ్లీ మళ్లీ గోధుమతోనే కలుపుతూ పోయాడు. చివరికి గోధుమ క్రోమోజోములన్నీ ఉండి, గడ్డిది ఒక్కటే అదనంగా మిగిలిన మొక్క దొరికింది. దానికి తుప్పు రాలేదు. కాని ఆ ఒక్క క్రోమోజోము మీద కావలసిన జన్యువుతో పాటు అక్కర్లేని గడ్డి గుణాలెన్నో ఉన్నాయి. రైతు చేతిలో పెట్టదగ్గ మొక్క కాదది.

ఆ క్రోమోజోములోంచి మనకు కావలసిన ముక్క మాత్రమే తెంపాలి. మామూలుగా ఐతే పూత దశలో జత క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. పరాయి క్రోమోజోముని గోధుమ ఆ దగ్గరికే రానివ్వదు. దానికి కారణమైన కాపలా జన్యువు 5బి క్రోమోజోము మీద ఉందని 1958లో గాని తెలియలేదు. సియర్స్ 1956 నాటికే వేరే దారి పట్టాడు. అదే యూనివర్సిటీలో లూయిస్ స్టాడ్లర్ 1928లో ఎక్స్‌రేలతో పంట మొక్కల జన్యువులు మారతాయని చూపించి ఉన్నాడు. సియర్స్ ఆ అదనపు క్రోమోజోము ఉన్న మొక్కలకి, పుప్పొడి తయారు కాబోయే ముందు, ఎక్స్‌రే తగిలించాడు. క్రోమోజోములు విరిగి, అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. ఆ పుప్పొడిని మామూలు గోధుమ పూల మీద చల్లాడు.

నేస్తం, ఆయన తెలివి నాకు ఎక్కువగా నచ్చేది ఇక్కడే. అదనంగా ఒక పూర్తి క్రోమోజోము మోస్తున్న పుప్పొడి రేణువు పరుగులో వెనకబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న రేణువే ముందు చేరి అండాన్ని ఫలదీకరిస్తుంది. అంటే తండ్రి వైపు నుంచి తుప్పును తట్టుకునే గుణం వచ్చిందంటే, ఆ రేణువు చాలావరకు క్రోమోజోము మొత్తాన్ని కాక, తెగిన ముక్కనే గోధుమ క్రోమోజోముకి అతికించుకుని వచ్చి ఉండాలి. జల్లెడ పట్టే పని పూవుకే అప్పగించాడు. 6,091 మొక్కలు పెంచి తుప్పు అంటిస్తే 132 తట్టుకున్నాయి. వాటిలో ముక్క మారి అతుక్కున్నవి 40. ఆ నలభైలో ఒక్క మొక్కలో గడ్డి ముక్క గోధుమ క్రోమోజోముకి అతుక్కుని ఎవరికీ అడ్డం కాకుండా కూర్చుంది. దానికి ఆయన పెట్టిన పేరు ట్రాన్స్‌ఫర్. అందులోని జన్యువు ఎల్ఆర్9.

ఆ జన్యువు ఉన్న ఆకు మీద తుప్పు బీజం మొలిస్తే ఏం జరుగుతుందో నేను సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు చూశానో. తుప్పు దారం ఆకు రంధ్రంలోంచి లోపలికి దూరి, కణానికి తన పీచు తగిలిస్తుంది. అంతే, ఆ కణం చచ్చిపోతుంది. చుట్టుపక్కల నాలుగు కణాలూ చస్తాయి. బతికిన కణం ఉంటేనే తుప్పుకి తిండి. మన ఊళ్లలో పూరిల్లు అంటుకుంటే పక్కింటి తాటాకు లాగిపారేసి మంటని ఆపేవాళ్లే, అలాగన్నమాట. ఆకు మీద సూదిమొనంత తెల్లచుక్క మిగులుతుంది, మిగిలిన ఆకంతా పచ్చగా ఉంటుంది.

ఇంత కష్టపడి తెచ్చిన జన్యువు ఏమైందో చెప్తాను. దాన్ని ఒంటరిగా రకాల్లో పెట్టి పొలాల్లోకి పంపారు. కొన్నేళ్లకే దాన్ని దాటే తుప్పు రకాలు అమెరికాలో కనిపించాయి. జన్యువు గుర్తుపట్టేది తుప్పు విడిచే ఏదో ఒక్క గుర్తుని. ఆ గుర్తు చెరిగిన బీజం ఒక్కటి పుడితే చాలు, ఆ పొలమంతా దానిదే. కోట్ల కోట్ల బీజాలు పుట్టే తెగులుకి ఆ ఒక్కటి పుట్టటం ఎంతసేపు? నాకు కోపం వచ్చేది తుప్పు మీద కాదు. ఒకే తాళం వేసి, తాళాన్ని నమ్ముకుని నిద్రపోయిన మన పద్ధతి మీద. రెండు మూడు జన్యువులు ఒకేచోట కట్టగట్టి పంపితే తుప్పు వాటన్నిటినీ ఒక్కసారే దాటాలి, అది చాలా అరుదు. వాటికి తోడు, తెగులుని పూర్తిగా ఆపకపోయినా నెమ్మదింపజేసే గుణం కూడా ఉండాలి. అమెరికాలో మెక్‌ఫాడెన్ 1916లో ఎమ్మర్‌తో కలిపి తీసిన హోప్ గోధుమ నుంచి వచ్చిన ఎస్ఆర్2 అలాంటిదే. నల్ల తుప్పు మీద అది దశాబ్దాలు నిలిచింది.

ఎల్ఆర్9 అసలు ఏమిటో 2023లో గాని తెలియలేదు. ట్రాన్స్‌ఫర్ నుంచి వచ్చిన గోధుమనీ, ఆ గడ్డినీ పక్కపక్కన పెట్టి వాటి డీఎన్ఏని అక్షరం అక్షరం చదివితే, సియర్స్ ఎక్స్‌రే తెంపిన ముక్క దాదాపు 2 కోట్ల 84 లక్షల అక్షరాలని తేలింది, ఎక్కడ అతుక్కుందో కూడా దొరికింది. ఇంకో వింత కూడా బయటపడింది. వేరే ఎజిలాప్స్ గడ్డి నుంచి తెచ్చామనుకున్న ఎల్ఆర్58, ప్రోటీను రాసే భాగంలో అక్షరం తేడా లేకుండా ఇదే జన్యువు. రెండు వేర్వేరు కవచాలనుకుని రెండూ కలిపి వేసి ఉంటే, ఉన్నది ఒక్కటే అయ్యేది కదా. అందుకే ఇంత ఓపికగా చదవటం అవసరం.

ఇక ఆ గడ్డి మాటకి వస్తే, అది పెరిగే నేల అంతా గొర్రెలు మేసేది, కొత్త ఇళ్లు లేచేది, యుద్ధాలు నడిచేది. సిరియాలో అలెప్పో దగ్గర అడవి గోధుమల గింజలు దాచిన పెద్ద బీజభాండాగారం ఉండేది. యుద్ధంలో అక్కడ పని సాగక, ముందే స్వాల్‌బార్డ్ మంచుగుహలో దాచిన నకలు గింజల్ని 2015లో వెనక్కి తెప్పించుకున్నారు. ఆ గుహలోంచి గింజలు బయటికి రావటం అదే మొదటిసారి. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

మంచు పడేలోగా మనవడి చెయ్యి పట్టుకుని యూనివర్సిటీ వైపు నడిచి వెళ్లు. సియర్స్ పేరు పెట్టిన గ్రీన్‌హౌసులు అక్కడున్నాయి. అద్దంలోంచి పచ్చగా ఏదైనా కనిపిస్తే వాడికి చూపించు. గోధుమ అయితే కంకి ఫొటో తీసి పంపు, నాకోసం.

ముసురు కాస్త తెరిపిస్తే రేపు పొద్దున్నే మళ్లలోకి దిగాలి. ఎల్ఆర్9 ఉన్న వరస ఒకటి ఆ చివరన వేశాం. దాని ఆకులు ఇంకా తిరగేసి చూడలేదు.

నీ
రూమ్మేటు