సరమ యడిగిన ప్రశ్న

కథ మరచిపోయిన పిమ్మట గూడ అందలి మాటలు కొన్ని ఇంటిలో నిలిచియుండును. బిడ్డ మారాము చేయునపుడు, అన్నదమ్ములు పంతము పట్టినపుడు, ఆ మాటలే నాలుకపైకి వచ్చుచుండును. అవి కథలోని మంచివాని మాటలా, చెడ్డవాని మాటలా? తల్లులమైన మనము ఒకసారి చెవియొగ్గి వినదగిన సంగతి యిది.

ఆంగ్ల రచయిత్రి డోడీ స్మిత్ 1956లో నూటయొక్క డాల్మేషియను కుక్కల కథను ప్రకటించెను. 1961లో వాల్ట్ డిస్నీ సంస్థవారు దానిని బొమ్మల చలనచిత్రముగా తీసిరి. తెల్లని మేనిపై నల్లని చుక్కలు గల కుక్కపిల్లల చర్మములతో అంగీలు కుట్టింపవలెనని క్రుయెల్లా యను ధనికురాలు వానిని దొంగిలింపించును. ఊరూరి కుక్కలు సందెవేళ మొరిగి ఒకదానికొకటి వార్త నందించుకొనును. తల్లియు తండ్రియునైన కుక్కలు దూరదేశము నడచిపోయి పిల్లలను విడిపించి తెచ్చును. శ్రమపడినవి కుక్కలు, కాని ఆ చిత్రము చూచిన మా పిల్లలు అనుకరించినది ఆ దుష్టురాలి నడకను, ఆమె కేకలను! మన కథల విషయమును ఇంతియే. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చిత్రమునకు కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన సుయోధనుని సంభాషణలు నేటికిని పిల్లల నోట పలుకుచున్నవి. ధర్మరాజు మాట యొక్కటి చెప్పుమన్నచో తెల్లమొగము వేయుదురు.

ఇందుకు పిల్లలను నిందింపరాదు. దుష్టునకు తన కోరిక యొక్కటియే కనబడును. కావున వాని మాట సూటిగా, బిగువుగా నుండును. మంచివాడు ఇరువైపుల చూచి పలుకును గనుక వాని మాట నెమ్మదిగా నుండును. అయినను, నెమ్మదిగా పలికిన మాటయే ఒక మహారాజునకు నిద్ర లేకుండ చేసిన కథ మనకున్నది. అదియు కుక్క కథయే.

మా నాయనగారు మాకు భారతము ఇంటనే చెప్పిరి. ఆదిపర్వము మొదలుపెట్టిన కొలది దినములకే సరమ కథ వచ్చినది. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, దేవతల కుక్కయైన సరమ యొక్క కొడుకు అచ్చటికి పోయెను. రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పరుగెత్తెను. వ్యాసభారతమున ఆ తల్లి వెంటనే కోపపడదు. నీవేదో తప్పు చేసియుందువు, చెప్పుమని మొదట కొడుకునే యడుగును. హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనైన లేదు అని వాడు చెప్పిన తరువాతనే ఆమె యాగశాలకు పోవును. నా కొడుకు చేసిన తప్పేమి, ఏల కొట్టితిరి అని యడుగును. అంత సభలో బదులు పలికినవాడు లేడు.

అప్పుడు సరమ చెప్పిన మాటను నన్నయభట్టారకుడు ఒక చిన్న కందపద్యమున నిలిపెను. యుక్తాయుక్తములు తలపక, సాధువులకును బీదలకును కీడు చేయువారికి, ఎచ్చటినుండి వచ్చెనో తెలియని భయములు వచ్చునని దాని తాత్పర్యము. ఎంత సరియైన తూకము! కారణము లేకుండ కొట్టినవారికి కారణము కనబడని భయమే శిక్ష. జనమేజయుడు తాను చేయెత్తలేదు. అయినను ఆ మాట విని మిక్కిలి కలతపడి, దోషశాంతికై తగిన పురోహితుని వెదకుకొని సోమశ్రవసుని తెచ్చుకొనెను.

ఇందలి దుష్టులు చర్మము కోరిన రాక్షసులు కారు; యాగము చేయుచున్న రాకుమారులు. మన యిండ్లలోను చెడు ఇటువంటి మంచి వేషముననే తిరుగును.

రెండేండ్ల క్రిందట మా అనకాపల్లిలో, మా వీథిలోనే ఒక గృహప్రవేశపు విందు జరిగినది. బెల్లపు దిమ్మలు దింపు కొట్టు ప్రక్కన ఈనిన కుక్క యొకటి, పిల్లలతో కూడ ఎంగిలి విస్తళ్లకడకు వచ్చినది. పట్టుబట్టలు కట్టిన పిల్లవాండ్రు నలుగురు రాళ్లు రువ్విరి. ఒక కూన కాలు విరిగి కీచుమన్నది. పెద్దలలో నొకరు “కుక్కే కదా, పోనిండి” అనిరి. ఎనిమిదేండ్ల మా అమ్మాయి వారి యెదుట నిలిచి, “అది మీ విస్తరి ముట్టిందా? ఏం తప్పు చేసింది?” అని యడిగినది. ఒకడు నవ్వి మరియొక రాయి విసరినాడు. ఇద్దరు తలలు వంచుకొని చేతిలోని రాళ్లు జారవిడిచిరి. నాలుగవవాడు మరునాడు మా యింటికి వచ్చి, “అత్తా, ఆ కూన బతికిందా?” అని యడిగినాడు. బ్రతికినది, కుంటుచు తిరుగుచున్నది. మా వారు వానిని కూర్చుండబెట్టి సరమ కథ చెప్పిరి. ఆ పద్యము రెండు దినములలో వానికి కంఠస్థమైనది.

సరమ పేరు భారతముకంటె పాతది. ఋగ్వేదము పదియవ మండలమందలి నూటయెనిమిదవ సూక్తమున, ఆవులను దొంగిలించి దాచిన పణులకడకు ఇంద్రుని దూతగా నామె పోవును. వారు నీవు మాకు చెల్లెలవై యుండుము, ఆవులలో పాలు పెట్టెదమందురు. తనకు ఆ తోబుట్టువుతనము తెలియదని ఆమె త్రోసివేయును. ఇక భారతము తుదిని, తిక్కన తెలిగించిన మహాప్రస్థానిక పర్వమున, నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పగా, అట్లయిన స్వర్గమే వలదని ధర్మరాజు నిలుచును. ఆ కుక్క ధర్మదేవతయని తెలియకముందే ఆయన ఆ మాట యనుట గమనింపదగినది.

సోదరీమణులారా, దయ యనిన జాగ్రత్త విడుచుట కాదు. కుక్క కరచినచో, గాయము చిన్నదే యని ఊరకుండరాదు. పదునైదు నిమిషములు సబ్బుతో పారు నీటను కడిగి, ఆలస్యము చేయక టీకాకై ఆసుపత్రికి పోవలెను. రేబీసు లక్షణములు పొడసూపిన తరువాత ప్రాణము నిలుచుట మిక్కిలి అరుదు. తినుచున్న కుక్కను, పిల్లలతోనున్న తల్లికుక్కను సమీపింపరాదని బిడ్డలకు నేర్పవలెను. భయమున్నచోట తొలగిపోవుట వివేకము. తప్పు చేయనిదానిని కొట్టుట వివేకము కాదు. జంతువులను హింసించుట నేరమని 1960నాటి చట్టము గూడ చెప్పుచున్నది.

పిల్లలు దుష్టుని మాటలు పలికి నవ్విన నవ్వనిండు. ఆటలో అదియు నొక సరదాయే. వానితోబాటు సరమ ప్రశ్నను గూడ వారి నోటికి అలవరుపుడు. చేయెత్తబోవు ముందు “ఇది చేసిన తప్పేమి?” యని తమ్ము తాము అడుగుకొను బిడ్డ, రేపు ఇంటి దాసిపైనగాని, తోడికోడలిపైనగాని, బడిలో బలహీనుడైన తోటివానిపైనగాని ఊరక చేయెత్తడు.