కనబడని గ్రహం, శుక్రవారం ఫోను

మాది పెద్దతిప్పసముద్రం. మదనపల్లె బస్సు హారన్ కొడుతూ దగ్గరికొస్తుంటే శబ్దం సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపించేది. కళ్లు మూసుకుని ‘వస్తోంది’, ‘పోయింది’ అని చెప్పడం చిన్నప్పుడు మా ఆట. అది డాప్లర్ ఎఫెక్ట్ అని ఇంటర్‌లో తెలిసింది. మార్కుల కోసం చదివి వదిలేశా.

ఈమధ్య ఫ్రెండ్స్‌తో కుప్పం మీదుగా తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి వెళ్లా. హైదరాబాద్‌లో పెరిగిన శాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టారు దానికి. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్ చూశాక మళ్లీ ఆ పాఠం గుర్తొచ్చింది. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచా.

వెలుగుకీ బస్సు హారన్ లెక్కే. నక్షత్రం మనవైపు వస్తుంటే దాని వెలుగు కాస్త నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతుంది. ఆ వెలుగుని రంగులుగా విడదీస్తే కనబడే సన్నని నల్లగీతలు ఎంత జరిగాయో కొలిస్తే వేగం తెలిసిపోతుంది. 1995లో మేయర్, క్వెలోజ్ అనే ఇద్దరు 51 పెగాసి నక్షత్రాన్ని ఇలాగే కొలిచారు. అది సెకనుకు సుమారు 56 మీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. గీతలు జరిగేది కోటిలో రెండు వంతులే! 4.2 రోజులకోసారి అదే ఊపు. అంటే ఏదో గ్రహం చుట్టూ తిరుగుతూ లాగుతోందన్నమాట. గ్రహాన్ని చూడకుండానే దాని కనీస బరువు కూడా లెక్కకట్టారు. 2019లో నోబెల్ వచ్చింది.

స్క్రీన్ మీద ఆ గ్రాఫ్ చూస్తుంటే మా ఇల్లు గుర్తొచ్చింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ కువైట్‌కి ఇంటిపనికి పోయింది. మా ఇంటి పీరియడ్ ఏడు రోజులు. శుక్రవారం అమ్మకి కాస్త తీరిక. ఆరోజు అవ్వ పొద్దున్నే తలకి పోసుకుని, సిగ్నల్ అందే వేపచెట్టు కిందికి మంచం లాక్కునేది. చెల్లి గొడవలన్నీ గురువారమే ఆపేసేది. నేను మార్కులు సరిచూసుకునేవాణ్ణి. కొత్తవాళ్లకి మా ఇంట్లో అమ్మ కనబడదు. కానీ నాలుగు వారాలు గమనిస్తే ఎవరో మమ్మల్ని లాగుతున్నారని తెలిసిపోయేది.

ఆ డబ్బుతోనే ఇంజినీరింగ్ చదివా. చెల్లి పెళ్లి అప్పు పోయినేడాది తీరిపోయింది. అయినా అమ్మ ‘ఇంకొక్క ఏడాది నాయనా’ అంటుంది. నేనూ సరే అనేస్తున్నా. కనబడని మనిషి బరువు లెక్కకట్టడం నాకు ఇన్నాళ్లూ రాలేదు.

ఈ శుక్రవారం ‘ఎట్లున్నావమ్మా’ అని ఆపను. ‘టికెట్ ఏ తేదీకి బుక్ చేయమంటావ్?’ అని అడుగుతా.