అలిపిరి మెట్లదారి

మూఁడేండ్ల క్రిందట మేమీ దారిని నూఱు మెట్లైన నెక్కఁజాలక, వగర్చుచు దిగివచ్చి బస్సెక్కితిమి. ఆ సిగ్గు నేఁటికిని మఱవము. పిమ్మట స్థూలకాయమునకు స్లీవ్ అను శస్త్రచికిత్స చేయించుకొంటిమి. జఠరమున నించుమించు నూటికి 80 పాళ్లు తొలఁగించిరి. మఱునాఁడే వైద్యులు నడువుఁడనిరి. మొదట వరండాలోఁ బదియడుగులు, పిదప వీథి చివఱ, ఆపైని చెఱువుగట్టు.

మొన్నటి మాఘమున మరల వచ్చితిమి. మెట్లు 3,550, దూరము దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురము వఱకు కడు నిటారు. గుక్కెడేసి నీరు, గుప్పెడు ఉడికించిన సెనగలు. అంతకు మించి కడుపున నిముడదు. జింకలఁ జూచు నెపమునఁ గూర్చుంటిమి (నిజమునకుఁ గాళ్లు వణఁకినవి). రామానుజులవారు మోకాళ్లతో నెక్కిరని చెప్పెడి మోకాళ్లమిట్టకడ మావారు చేయి యందిచ్చిరి. వలదంటిమి. పైమెట్టున ముందుగాఁ జతికిలఁబడినవారు వారే.